ఐదో గడి

క్లాంగ్, మలేసియా
18 ఫిబ్రవరి 2024

పెదనాన్నా,

నేను, ప్రియను, రాస్తున్నాను. మీరు ఫోను ఎత్తడం లేదు. అమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేస్తూనే ఉంది. "మీ పెదనాన్నకి నామీదేటి కోపం? పోయింది నాకూ అక్కే గదా" అంటోంది. కోపం కాదని చెప్పాను. నిజమేనా?

ఆదివారం తెలుగు క్లాసులో మీరు మాకు ఉత్తరం రాయడం నేర్పారు. ఆ విద్య ఎప్పటికీ పనికిరాదని మేమందరం నవ్వుకునేవాళ్లం. ఈ పేజీకి రెండు రోజులు పట్టింది. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపకండి.

నిన్నటికి పెద్దమ్మ పోయి ఆరు నెలలు. నేను క్లినిక్‌లో ఉన్నాను. పేషెంట్ల మధ్య గుర్తొచ్చి, తర్వాతి నంబరు పిలవడం మరిచిపోయాను.

ఒక సంగతి చెప్పాలి. కుటుంబ వైద్యంలో నా చదువు చివరి మెట్టుకు వచ్చింది. ఒక పరిశోధన చేయాలి. మా గురువు డాక్టర్ మహేంద్రన్ ఒక ప్రశ్న ఇచ్చారు: మన క్లినిక్కుల్లో జరిగే పరిశోధనల్లో ఎవరు లేరు? ఎందుకు లేరు? ఆయన అనే మాట ఇది: "పరిశోధనలో లేని మనిషికి మన మందు ఎలా పనిచేస్తుందో మనకు తెలియదు. అయినా ఆ మందే ఇస్తాం."

రెండేళ్ల కిందట మీ ఊరి క్లినిక్‌లో షుగరున్న ఆడవాళ్ల గుండె గురించి ఒక పరిశోధన జరిగింది. చేరినవాళ్ల ఇంటికి మూడు నెలలకోసారి నర్సు వచ్చి, చిన్న మిషనుతో ఇ.సి.జి. తీసి, ఆయాసం, అలుపు లాంటివి అడిగి రాసుకునేది. ఆడవాళ్లలో గుండెజబ్బు చాలాసార్లు నొప్పిగా రాదు, అలుపుగా వస్తుంది. ఆ పరిశోధన జాబితాలే నేను ఇప్పుడు చూడాలి. పెద్దమ్మను అందులో చేర్చుకున్నారా? జాబితాలో పేర్లుండవు, నంబర్లే. ఆమె నంబరు తెలుసుకోవాలంటే మీ సంతకం కావాలి. కాగితం ఇందులో ఉంది.

ఇష్టం లేకపోతే వద్దు.

మీ ఆదివారం విద్యార్థిని,
ప్రియ


బటాంగ్ బెర్జుంటై
26 ఫిబ్రవరి 2024

చిరంజీవి మోహనప్రియకు,

ఉత్తరం చేరింది. మూడు తప్పులున్నాయి. దిద్దలేదు.

మీ అమ్మ మీద కోపం లేదు. ఫోనులో ఆమె గొంతు అచ్చం వాళ్ల అక్క గొంతులా ఉంటుంది. అందుకని ఎత్తను. ఈ మాట ఆమెకు చెప్పకు.

ఊరి పేరు మార్చి చాలా ఏళ్లయింది. నేను పాత పేరే రాస్తాను. పోస్టుమాన్ తెస్తాడు, తీసుకెళ్తాడు. అతనికి అభ్యంతరం లేదు.

కాగితం మీద సంతకం చేశాను. మీ పెద్దమ్మను ఆ పరిశోధనలోకి తీసుకోలేదు. తెలుగు ఫారం లేదన్నారు.

నా భోజనం గురించి బెంగ వద్దు. పక్కింటి జయమణి గోడ మీదుగా గిన్నె అందిస్తుంది. కిందటేడు మొదట్లో ఆమె గుండెకు స్టెంటు వేశారు. బరువు ఎత్తకూడదు. అయినా నిండు గిన్నె ఎత్తుతుంది. మీ పెద్దమ్మ పుష్పవల్లీ ఆమే ముప్పై ఏళ్లు ఆ గోడ దగ్గర తమిళంలో పోట్లాడుకున్నారు. వాళ్ల చెత్త మన వైపు ఎగిరిందని, మన పనస కొమ్మ వాళ్ల వైపు వంగిందని. ఎప్పుడూ పుష్పవల్లే గెలిచేది. జయమణికి అది సొంత భాషే, అయినా మాటకు మాట దొరికేది కాదు. ఇప్పుడు గిన్నె ఇచ్చి నిలబడుతుంది. నేను ఏమీ అనను. ఆమె వెళ్తుంది.

నువ్వు అడిగిన ప్రశ్న మంచిది. నేను నలభై ఏళ్లు పామాయిల్ మిల్లు లాబొరేటరీలో పని చేశాను. సీసా మీద చీటీ తప్పయితే లోపల ఎంత మంచి నూనె ఉన్నా పరీక్ష పనికిరాదని కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పేవాణ్ణి. మనుషులకూ అంతే అనుకునేవాణ్ణి. ఈ దేశం మనకు వంద ఏళ్లుగా తప్పు చీటీ అంటిస్తోంది.

మధ్యాహ్నాలు వాన పడుతోంది.

ఆశీస్సులతో,
పెదనాన్న


క్లాంగ్
14 మార్చి 2024

పెదనాన్నా,

తెలుగు ఫారం లేదన్నారని మీరు ఒక్క వాక్యం రాశారు. ఆ వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు జాబితా చూశాను. మొత్తం చెప్తాను.

ఆ పరిశోధనకు 214 మంది ఆడవాళ్లను అడిగారు. 31 మందిని భాష కారణంగా పక్కన పెట్టారు. నేపాలీ ఫ్యాక్టరీ పనివాళ్లు, బర్మా నుంచి వచ్చినవాళ్లు, అడవి పక్క పల్లెల్లోని ఓరాంగ్ అస్లీ ఆదివాసీ ఆడవాళ్లు. తొమ్మిది మంది తెలుగువాళ్లు. తొమ్మిది మందీ రబ్బరు తోటల్లో పుట్టినవాళ్లే. ఫారం నాలుగు భాషల్లో ఉంది: మలయ్, ఇంగ్లీషు, మాండరిన్, తమిళం. నాలుగు గడులు. ఏ గడిలోనూ పట్టనివాళ్లు ఇంటికి పోవచ్చు. వాళ్ల గుండె గురించి మనకు అక్కర్లేదు.

పెద్దమ్మ నంబరు 117. ఎదురుగా ఉన్నది ఒక్కటే మాట: "భాష అందుబాటులో లేదు".

వేలితో ఆ వరసను తడిమాను. కంప్యూటరు తెర మీద వేలిముద్ర పడింది.

ఆగస్టులో ఈపోలో కుటుంబ వైద్యుల సభ ఉంది. నేను మాట్లాడాలి. అంకెలు చూపిస్తే అందరూ తలలూపి టీకి వెళ్తారు. అందుకని మొదట పెద్దమ్మ ఫోటో చూపిస్తాను, ఆ ఎర్ర చీరది, నా డిగ్రీ రోజున తీసింది. "ఈమె నంబరు 117" అంటాను. ఆ తర్వాతే అంకెలు. డాక్టర్ మహేంద్రన్ కూడా ఒప్పుకున్నారు.

ఇంకో సంగతి. ఆ వరస చివర దాన్ని నమోదు చేసిన నర్సు వివరం ఉంది. పేరు సుగంధి. తమిళ అమ్మాయి. పెద్దమ్మ తమిళం ఎలా మాట్లాడుతుందో పది నిమిషాలు పక్కన కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది. జయమణి ఆంటీ గురించి మీరే రాశారు. మరి ఈమె భాష లేదని ఎలా రాసింది? పని తగ్గించుకోవడానికి. తోట మనిషి కదా, ఎవరడుగుతారని. క్లినిక్ పెద్ద డాక్టరుకు సోమవారం ఫిర్యాదు పంపాను.

పెద్దమ్మకు జరిగిన అన్యాయాన్ని ఊరికే పోనివ్వను. ఇది మీకు నా మాట.

ప్రియ

(ఈసారి ఎన్ని తప్పులు?)


బటాంగ్ బెర్జుంటై
21 మార్చి 2024

ప్రియా,

ఫోటో వద్దు. మీ పెద్దమ్మ నీ ఉపన్యాసంలో మొదటి బొమ్మ కాదు.

సుగంధిని వదిలెయ్యి. ఫిర్యాదు వెనక్కి తీసుకో. కారణం అడగకు.

నువ్వు అలుపు గురించి రాశావు. చివరి మూడు వారాలు ఆమె ఆ మాటే అంది. బట్టలు ఆరేసి వచ్చి మెట్టు మీద కూర్చునేది. "అలుపొచ్చీసింది మావా" అనేది. ఎండ అన్నాను. క్లినిక్‌కు తీసుకెళ్లాను. కొత్త డాక్టరు, మలయ్ అమ్మాయి. పుష్పవల్లికి మలయ్‌లో బజారు మాటలే వచ్చు, అందుకని ఎప్పుడూ నేనే చెప్పేవాణ్ణి. నొప్పి ఉందా అని డాక్టరు అడిగింది. నేను అడిగాను. "నొప్పేటీ లేదు. అలుపు" అంది. నేను డాక్టరుతో "లేదు" అన్నాను. డాక్టరు అడిగింది నొప్పి గురించి. అడిగినదానికి జవాబు చెప్పాను.

ఆరో రోజు పోయింది.

తప్పులు లెక్కపెట్టలేదు.

పెదనాన్న


క్లాంగ్
8 ఏప్రిల్ 2024

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం చదివి చాలా రోజులు జవాబు రాయలేదు. నేను పెద్దమ్మను బొమ్మను చేస్తున్నానని మీరు అనుకుంటే ఏం చెప్పాలో నాకు తెలియలేదు. నన్ను పెంచిన రెండో అమ్మ ఆమె. సెలవులన్నీ మీ ఇంట్లోనే గడిపాను. సరే. ఫోటో తీసేశాను.

ఆ డాక్టరుకు మీరు చెప్పిన జవాబు గురించి మీలో మీరే కుమిలిపోతున్నారు. వద్దు. అడగాల్సింది డాక్టరు. మీరు క్షమించే మనిషి, ఎదుటివాళ్లందరినీ క్షమించి ఆ బరువు మీ మీద వేసుకుంటారు. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని మీరు అన్నదీ అందుకే అనుకున్నాను. కాని నేను తీసుకోలేదు. ఏం జరిగిందో చూడండి.

పెద్ద డాక్టరు సుగంధిని సంజాయిషీ అడిగారు. ఆమె ఇలా రాసిచ్చింది: తాను మొదట తమిళం గడిలోనే గీశానని, పేషెంటు భర్త పెన్ను అడిగి తీసుకుని అది కొట్టేసి పక్కన వేరే భాష రాశారని, తాను వద్దని చెప్పినా వినలేదని.

చూశారా? మీరు ఆమెను వదిలెయ్యమన్నారు. ఆమె మిమ్మల్ని వదల్లేదు. తన తప్పు తీసుకొచ్చి భార్య పోయిన మనిషి మీద పెడుతోంది. అసలు ఫారం చూపించమన్నాను. గోదాములో కప్పు కారి ఆ పెట్టె తడిసిపోయిందట, పారేశారట. మిగిలింది టైపు చేసిన జాబితా ఒక్కటే. ఆమెకు ఎంత అనుకూలం!

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఏప్రిల్ చివరికి అయిపోతుంది. ఈ గొడవ తేలకపోతే మళ్లీ ఇవ్వరని విన్నాను. నేను కోరుకున్నది అది కాదు. కాని అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది.

మీరు ఒక్క వాక్యం రాయండి చాలు. ఆమె రాసింది నిజం కాదని. పెద్ద డాక్టరుకు ఇస్తాను.

నమస్కారాలతో,
మోహనప్రియ


బటాంగ్ బెర్జుంటై
13 ఏప్రిల్ 2024

ప్రియా,

ఆమె రాసింది నిజం.

దీనితోపాటు మలయ్‌లో ఒక పేజీ ఉంది, పెద్ద డాక్టరు పేర. కింద నా సంతకం, గుర్తింపు కార్డు నంబరు ఉన్నాయి. ముందు అది తీసుకెళ్లి ఇవ్వు. ఆ తర్వాత ఇది చదువు.

జూన్ 2022. గురువారం. షుగరు మందు కోసం వెళ్లాం. నేను ఫార్మసీ వరసలో నిలబడ్డాను. వెనక్కి వచ్చేసరికి పుష్పవల్లి పక్కన ఆ నర్సు కూర్చుని ఉంది. ఇద్దరూ నవ్వుతున్నారు. తమిళంలో మాట్లాడుకుంటున్నారు. ఆ అమ్మాయిది సుంగై సిపుట్, తోటలో పుట్టి పెరిగింది. రబ్బరు పాలు ఎండి జుట్టుకు అంటుకుంటే కిరోసిన్ రాసి తీసిన రోజుల గురించి చెప్పుకుంటున్నారు. మీ పెద్దమ్మ మొహం అలా ఉండడం చూసి చాలా రోజులైంది.

ఫారం నర్సు ఒడిలో ఉంది. భాష అన్నచోట నాలుగు గడులు. నాలుగో గడిలో గీసి ఉంది. తమిళం.

నేను పెన్ను అడిగాను.

నీకు తెలుసు నా సంగతి. స్కూలు ఫారాలు, జనాభా లెక్కల కాగితాలు, ఆసుపత్రి కార్డులు, నలభై ఏళ్లుగా ఎక్కడ తమిళం అని రాసి ఉన్నా కొట్టేసి తెలుగు అని రాస్తూ వచ్చాను. మీ క్లాసులో మీకూ అదే నేర్పాను. మనల్ని ఎవరూ లెక్కలో వేయరు, మనమే వేసుకోవాలి అని. తోటలో మా నాన్న పేరు అప్పడు. దొర గుమస్తా పుస్తకంలో ఆయన్ని అప్పాదురై అని తమిళ పేరు పెట్టి రాశాడు. చనిపోయిన సర్టిఫికెట్‌లోనూ అప్పాదురై అనే ఉంది. ఆ కోపం నాది. అది న్యాయమైన కోపమే. ఇవాళ కూడా అదే అంటాను.

గీత కొట్టేశాను. పక్కన పెద్ద అక్షరాల్లో తెలుగు అని రాశాను.

"అయ్యో అంకుల్, ఆంటీ ఇంతసేపూ నాతో తమిళంలోనే గదా మాట్లాడింది" అంది నర్సు.

"మాట్లాడుతుంది. కాని ఆమె భాష అది కాదు" అన్నాను.

పుష్పవల్లి నా చొక్కా చెయ్యి పట్టుకు లాగింది. "ఒగ్గీ మావా. నాకు తమిళం రాదేటి? ఆ అమ్మి సూసీది నా గుండికాయ్ గాని నా బాస కాదు గదా."

నేను వినలేదు. నర్సు ఫారం లోపలికి తీసుకెళ్లి, మళ్లీ వచ్చింది. తెలుగు అని ఉంటే తెలుగులో అంగీకార పత్రం ఉండాలట, అది లేదట. "మళ్లీ తమిళం అని పెట్టెయ్యండి అంకుల్, ఒక్క గీత, అంతే. ఆంటీకి మంచిది" అంది. చేతిలో పెన్ను పట్టుకుని నిలబడింది. బతిమాలింది. నేను "తెలుగులో అచ్చు వేశాక పిలవమనండి" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు చూశారు. నాకు గర్వంగా ఉండింది. ఆ సంగతి కూడా రాస్తున్నాను, నువ్వు తెలుసుకోవాలి.

ఇంటికి కారులో బయలుదేరాం. సగం దారిలో మీ పెద్దమ్మ "మూడు నెల్లకోపాలి ఇంటికొచ్చి సూస్తానంది ఆ అమ్మి. వస్తే బాగుణ్ణు" అంది. అంతే. మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

అదే వారం జయమణిని అడిగారు. ఆమె గడిలో ఆమెను చేర్చుకున్నారు. మూడో ఇ.సి.జి.లో తేడా కనిపించింది. స్టెంటు వేశారు. నాకు గిన్నె ఇస్తున్నది ఆ మనిషే. రోజూ మధ్యాహ్నం గోడ మీదుగా ఆ చెయ్యి వస్తుంది. నేను తీసుకుంటాను.

లాబొరేటరీలో నేను చెప్పిన పాఠం నీకు రాశాను. ఆ రోజు నేను చీటీ సరిగ్గానే రాశాను. సీసా పారబోశాను.

నువ్వు మొదటి ఉత్తరంలో అడిగినప్పుడే ఇది చెప్పాలి. తెలుగు ఫారం లేదన్నారు అని రాశాను. అబద్ధం కాదు. నువ్వు వాళ్ల మీద కోపగించుకుంటుంటే నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఒకమ్మాయి ఉద్యోగం మీద నిలబడి ఊపిరి పీల్చుకున్నాను.

ఆమెకు క్షమాపణ నేను వేరే రాస్తాను. చిరునామా పంపు.

నన్ను ఏమనుకున్నా సరే. ఉత్తరం మాత్రం మానకు. మానినా సరే.

అప్పలసామి


క్లాంగ్
19 మే 2024

పెదనాన్నా,

నెల దాటింది. మీ మీద కోపంతో కొన్నాళ్లు, నా మీద సిగ్గుతో కొన్నాళ్లు గడిచాయి. మొదట ఏది, తర్వాత ఏది అని అడగకండి.

మీ మలయ్ కాగితం అందిన రోజే ఇచ్చాను. పెద్ద డాక్టరు చదివి, ఫైలులో పెట్టి, మంచిది అన్నారు. సుగంధి స్థానంలో అప్పటికే ఇంకొకరిని తీసుకున్నారు. పత్రాలు పై ఆఫీసుకు వెళ్లిపోయాయట, వెనక్కి రావట. ఆమె తప్పు లేదని మాత్రం ఒక లేఖ ఇచ్చారు. ఉద్యోగం ఇవ్వలేదు.

సుంగై సిపుట్ వెళ్లాను. ఆమె ఇప్పుడు అక్కడ ఒక డయాలిసిస్ సెంటర్లో పని చేస్తోంది, జీతం తక్కువ. క్షమించమని అడిగాను. ముందు తలుపు దగ్గరే నిలబెట్టింది. "డాక్టర్లు ఫిర్యాదు రాయడానికి ఐదు నిమిషాలు చాలు. మాకు సంజాయిషీ రాయడానికి మూడు రాత్రులు" అంది. తర్వాత లోపలికి రమ్మని తాగడానికి మైలో కలిపి ఇచ్చింది.

చిరునామా ఒక్కటే కార్డు మీద రాసి పంపాను కదా, మీ ఉత్తరం చేరింది ఆమెకు. జవాబు రాయనంది. కాని ఒక మాట మీకు చెప్పమంది. చెప్పాలా వద్దా అని వారం ఆలోచించాను. మీరు నాకు మొత్తం చెప్పారు, నేనూ చెప్పాలి.

పెద్దమ్మ మళ్లీ వెళ్లింది. తర్వాతి గురువారం, బస్సులో, ఒక్కతే. సుగంధిని వెతుక్కుని, ఆ కాగితం తియ్యమంది. సుగంధి తీసి, పెన్ను చేతికిచ్చి, "ఇది కొట్టేసి పక్కన సంతకం పెట్టండి ఆంటీ, చాలు" అంది. పెద్దమ్మ మీ అక్షరాలు చూస్తూ చాలాసేపు కూర్చుందట. తర్వాత పెన్ను తిరిగిచ్చేసింది. "ఆయన రాసింది నా చేత్తో కొట్టలేనమ్మా. నలభై ఏళ్లుగా రాస్తున్నాడు" అందట. తమిళంలో.

ఇది రాసి పెన్ను కింద పెట్టేశాను. మళ్లీ తీస్తున్నాను.

డాక్టర్ మహేంద్రన్‌కు నిజం చెప్పాను. ఆయన జాబితా తెరిచి, "అయితే ఇది భాష కారణం కాదు, నిరాకరణ. ఆ గడిలోకి మార్చాలి" అన్నారు. పద్ధతి ప్రకారం ఆయన చెప్పింది సరైనదే. నా లెక్కలో తెలుగువాళ్లు తొమ్మిది నుంచి ఎనిమిదికి వచ్చారు. వదిలేయబడ్డవాళ్ల గురించి నేను రాసే పరిశోధన నుంచి కూడా పెద్దమ్మను తీసేయాలి. మీరు చెప్పండి, ఆమెను ఏ గడిలో వేయను?

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. యూనివర్సిటీ ఫారంలో, ఉద్యోగం ఫారంలో, ప్రతిచోటా నేను తమిళం గడిలోనే గీస్తూ వచ్చాను. కొట్టి రాస్తే ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో అని భయం. ఆదివారం మీ ముందు కూర్చున్న రోజుల్లో కూడా. అందుకే నేను డాక్టర్నయ్యానేమో.

కొత్త పరిశోధన మొదలవుతోంది, షుగరు గురించే. ఈసారి తెలుగు ఫారం పెడతామన్నారు. ఐదో గడి. రాయగలవాళ్లు కావాలి. మా వయసువాళ్లలో చదవడం వచ్చినవాళ్లే లేరు. ఇంగ్లీషు ప్రతి ఇందులో ఉంది. అచ్చుకు వెళ్లేముందు ఎవరైనా ఒకరు తెలుగు ఫారం నింపి చూడాలి. చేయలేనంటే అర్థం చేసుకుంటాను.

మీరు భోంచేస్తున్నారా?

మీ ప్రియ


బటాంగ్ బెర్జుంటై
7 జూలై 2024

ప్రియా,

అనువాదం అయింది. ముప్పై రెండు ప్రశ్నలు. పంపుతున్నాను. నేర్చుకున్న తెలుగులో కాకుండా తోట ఆడవాళ్లకు తెలిసే మాటల్లో పెట్టాను. ఆయాసం అన్నచోట అలుపు కూడా చేర్చాను. ఇంగ్లీషులో లేదు. ఉండనియ్యి.

మొదటి పేజీ పైన రెండు వాక్యాలు నావి. "ఈ ప్రశ్నలు ఆమెనే అడగండి. ఆమెతో వచ్చిన మనిషిని కాసేపు బయట కూర్చోమనండి." మీ కమిటీ తీసేస్తామంటే నువ్వు పోట్లాడు. నా మీద పోట్లాడిన గొంతుతోనే పోట్లాడు.

నువ్వు అడిగిన గడి గురించి. నిరాకరణలో వేయి. మీ గురువు చెప్పింది సరైనది. కాని ఆ గడి పక్కన ఇంకో గీత పెట్టించు, ఎవరు నిరాకరించారు అని. ఆమె వద్దనలేదు. వద్దన్నది ఆమె పక్కన ఉన్న మనిషి. మిగతా ఎనిమిది మంది పక్కనా ఎవరున్నారో అడిగావా? అడుగు.

ఆమె మళ్లీ వెళ్లిన సంగతి. ఆ గురువారం నాకు గుర్తుంది. బజారుకని సంచి తీసుకుని వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. సంచి ఖాళీగా ఉంది. మడిచి మేకుకు తగిలించింది. ఏమీ తేలేదేం అని నేను అడగలేదు. పేపరు చదువుతున్నాను.

దీని గురించి ఇంతకంటే రాయలేను.

సుగంధి జవాబు రాయనందుకు సరైన పనే చేసింది.

ఈపోలో నీ ప్రసంగం ఆగస్టులో కదా. అదే వారం సంవత్సరీకం వస్తుంది. రావద్దు. మాట్లాడు. ఫోటో కావాలంటే పెట్టు. ఎర్ర చీరది కాదు. గోడ దగ్గర జయమణి మీద అరుస్తున్నది ఒకటి ఉంది, నువ్వే తీశావు. అందులో నోరు తెరిచి ఉంటుంది. మనిషి అందులో కనిపిస్తుంది.

చివరగా ఒకటి. ఫారం అచ్చుకు వెళ్లేముందు ఎవరైనా ఒకరు నింపి చూడాలని రాశావు. ఇక్కడ ఎవరున్నారు? నేనే నింపాను. వయసు, బరువు, మందులు, అన్నీ సాఫీగా వచ్చాయి. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగాను. "ఇంట్లో రోజూ ఏ భాషలో మాట్లాడతారు?" ఆ ప్రశ్నకు తెలుగు మాటలు నావే. కింద ఐదు గడులు. ఐదోది నేనే స్కేలు పెట్టి గీశాను.

నిన్న రోజంతా నేను మాట్లాడినవి గుర్తు చేసుకున్నాను. మధ్యాహ్నం జయమణి గిన్నె అందించి "సాప్పిట్టీంగళా?" అంది. ఇన్నాళ్లూ ఏమీ అనని నేను, భోంచేశానని ఆమె భాషలోనే చెప్పాను. ముందురోజు కూరలో ఉప్పు సరిపోయిందా అంది. సరిపోయిందన్నాను. ఇంట్లో ఇంకెవరితోనూ మాట్లాడలేదు. మొన్నయితే అదీ లేదు.

నింపిన ప్రతి కూడా ఇందులో ఉంది. తొమ్మిదో ప్రశ్న దగ్గర చూడు. నాలుగో గడిలో గీశాను.

పెదనాన్న